సమాధానం: ఎమిలీ డికిన్సన్‌ని గది తలుపు దగ్గరే ఆపేయకు

బరంపురం చెల్లెమ్మా, ఎం.ఏ. సెమినార్ కోసం అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ (1830–1886) కవితలు చదువుతుంటే, అన్నీ ప్రేమ విఫలమై గదిలో దాక్కున్న మనిషి ఏడుపులాగే ఉన్నాయన్నావు. ఆ ప్రేమ సంగతి ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు, వదిలెయ్.

ముందు ఏళ్లు చూడు. ఆమె ఎక్కువగా రాసింది 1861–65 మధ్య, అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్నప్పుడు. 1862 మార్చిలో ఆమె అన్నయ్య ఆస్టిన్ స్నేహితుడు ఆ యుద్ధంలోనే చనిపోయాడు. తలుపు వేసుకున్నంత మాత్రాన అలాంటి కబురు లోపలికి రాకుండా ఉంటుందా? మర్నెల్లోనే హిగిన్సన్ అనే సాహిత్య విమర్శకుడికి ఉత్తరం రాసి, తన పద్యాల్లో ప్రాణం ఉందా అని అడిగింది.

మృత్యువు బండిలో ఎక్కించుకునే కవితని (‘Because I could not stop for Death’) పైకి చదువు. అది చర్చి పాటల నడక. చర్చికి వెళ్లడం మానేసినా ఆ బాణీ ఆమెని వదల్లేదు. పర్లాకిమిడిలో మా అమ్మమ్మ గుడికి వెళ్లలేని రోజుల్లో హారతి పాట బాణీలోనే మమ్మల్ని తిట్టేది!

నీ పుస్తకం ఏ ముద్రణో కూడా చూసుకో. 1890లో సంపాదకులు ఆమె డ్యాష్‌లు తీసేసి, ప్రాసలు దిద్ది, ఈ కవితలో ఒక చరణమే ఎగరగొట్టారు. (గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి, ఇలాంటి దిద్దుళ్లు చూస్తే ఒళ్లు మండుతుంది.) జాన్సన్ సంపాదకుడిగా వచ్చిన 1955 నాటి ముద్రణలో ఆ చరణం ఉంటుంది. అందులో సూర్యుడే బండిలోని వాళ్లని దాటిపోతాడు, పల్చటి గౌనులో ఆమెకి చలేస్తుంది. సెమినార్ అక్కణ్ణుంచే మొదలుపెట్టు.