జోడ్ కుటుంబం గురించి రాసే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మలూ,

నీ మెయిలూ, సినాప్సిసూ రెండూ చదివాను. ఎం.ఏ. డిసర్టేషన్‌కి అమెరికన్ రచయిత స్టైన్‌బెక్ 'గ్రేప్స్ ఆఫ్ రాత్' ఎంచుకున్నావని తెలిసి నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. 1939లో వచ్చిన నవల, పొలం పోయి పని కోసం ఓక్లహామా నుంచి కాలిఫోర్నియాకి వలసవెళ్లే జోడ్ కుటుంబం కథ. నేను క్లాసులో ఏళ్ల తరబడి చెప్పినా ఒక్కసారి కూడా విసుగనిపించలేదు. కష్టాల్లో మనుషులు ఒకరికొకరు తోడు నిలవడం మీద రాద్దామనుకుంటున్నావు. మంచి అంశం. కానీ సినాప్సిస్ రెండో పేజీలో "కష్టాలు మనుషుల్ని దగ్గర చేస్తాయని ఈ నవల చెబుతుంది" అని రాశావే, ఆ వాక్యం తీసెయ్యి. నేను దిద్దిన పేపర్లలో ఆ మాట లేనిది అరుదు. నవల చెబుతున్నది అది కాదు.

కష్టం ఆ కుటుంబాన్ని ఎంత విడగొట్టిందో ముందు చూడు. కాలిఫోర్నియా సరిహద్దు దాటగానే పెద్దకొడుకు నోవా నది వెంట నడుచుకుంటూ వెళ్లిపోతాడు, మళ్లీ కనబడడు. కడుపుతో ఉన్న కూతురు రోజ్ ఆఫ్ షారన్‌ని ఆమె భర్త కోనీ క్యాంపులో వదిలేసి పోతాడు. ఐదో అధ్యాయంలో ట్రాక్టర్ నడిపే కుర్రాడు పరాయివాడేం కాదు, ఆ ఊరి రైతు కొడుకే. రోజుకి మూడు డాలర్ల కూలి కోసం తన పొరుగువాళ్ల ఇళ్లే కూలగొడతాడు. నీ పిల్లాడికి తిండి దొరుకుతోంది సరే, నీ వల్ల పదిహేనో ఇరవయ్యో కుటుంబాలు పస్తులుంటున్నాయి కదా అని కౌలురైతు అడిగితే, నా పెళ్లాం పిల్లల్ని చూసుకోకుండా అదంతా ఆలోచించలేనంటాడు. వాడు చెడ్డవాడు కాడు, ఆకలికి భయపడ్డవాడు. ఆ భయం నీ డిసర్టేషన్‌లోకి రాకపోతే తరవాత నువ్వు తోడు నిలవడం గురించి ఎంత రాసినా బరువుండదు.

అందుకని ఒక పని చెయ్యి. నవల మళ్లీ మొదటి నుంచి చదువుతూ, ఎవరైనా ఎవరికైనా సాయం చేసిన ప్రతిచోటా మార్జిన్‌లో ఒకటే రాసుకో: ఇచ్చినవాళ్ల దగ్గర ఏం తగ్గింది? మంచితనం, దయ, మానవత్వం లాంటి పెద్ద మాటలు అప్పుడే వద్దు. దుప్పటా, రొట్టెలో ఐదు సెంట్లా, ఉద్యోగానికి ముప్పా? అదే రాయి. పుస్తకం పూర్తయ్యేసరికి నీ వాదన సగం ఆ మార్జిన్లలోనే కనబడుతుంది.

ఉదాహరణకి జోడ్‌ల తాతయ్య చనిపోయిన ఘట్టం. అప్పుడే పరిచయమైన విల్సన్ దంపతుల గుడారంలో ఆయన ప్రాణం పోతుంది. శవాన్ని చుట్టడానికి సైరీ విల్సన్ తన బొంత ఇచ్చేస్తుంది. ఆయన ఎవరో, ఎలా పోయాడో రాసి ఒక సీసాలో పెట్టి పాతిపెట్టడానికి తన బైబిల్‌లోంచే కాగితం చింపమంటుంది. ఆమెకి అప్పటికే ఒంట్లో బాగాలేదు. అంత్యక్రియలు చేయించేవాళ్లకి ఇవ్వాల్సిన నలభై డాలర్లు జోడ్‌ల దగ్గర ఖర్చు పెట్టే స్థితిలో లేవు కాబట్టే దారి పక్కన తామే పాతిపెడుతున్నారు. బొంతా, కాగితమూ, నలభై డాలర్లూ పక్కపక్కన పెట్టి రాస్తే చాలు, ఆ పేరాకి విశేషణాలు అక్కర్లేదు.

ఇక నువ్వు ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇరవయ్యో అధ్యాయం. హూవర్‌విల్ అనే, ఇల్లూ పనీ లేనివాళ్లు వేసుకున్న క్యాంపులో 'మా' జోడ్ (ఆ ఇంటి తల్లి, 'మా' అంటే అమ్మ) గుడారం బయట స్ట్యూ వండుతుంది. వాసనకి పిల్లలు చుట్టూ చేరతారు. అడగరు, ఏడవరు, చెంచా కుండలోంచి పళ్లేనికి వెళ్లడం చూస్తూ నిలబడతారంతే. ఉన్నది ఇంట్లోవాళ్లకే చాలదు. ఆమె తనవాళ్లకి కాస్త కాస్త పెట్టి, మీరు గుడారంలోకి వెళ్లి తినండని పంపేస్తుంది, ఎందుకంటే ఆ కళ్ల ముందు తినలేరు. జాన్ బాబాయి తనకి ఆకలి లేదంటాడు. మిగిలిన అడుగూ బొడుగూ పిల్లలకి వదిలేస్తుంది. మీకు మంచి చేస్తున్నానో చెడు చేస్తున్నానో నాకే తెలియడం లేదని పైకే అనేస్తుంది.

చాలామంది అక్కడితో ఆపి "త్యాగమూర్తి" అని రాసేస్తారు. నువ్వు తరవాతి పేజీ కూడా చదువు. కాసేపటికి ఒకామె కోపంగా వస్తుంది. మా పిల్లాడు స్ట్యూ వాసనతో ఇంటికొచ్చి, మనకెందుకు లేదని అడుగుతున్నాడు, ఇంకెప్పుడూ ఇలా చెయ్యొద్దని దెబ్బలాడుతుంది. ఒక్క కుండతో చేసిన సాయం పక్క గుడారంలో ఒక తల్లికి అవమానంగా తగిలింది. ఇద్దరిలో తప్పు ఎవరిదీ కాదు. ఒకరి మంచి మనసుతో తీరే ఆకలి కాదని స్టైన్‌బెక్ ఇక్కడ చెప్పేశాడని నా అభిప్రాయం. రెండు అధ్యాయాల తరవాత వచ్చే వీడ్‌ప్యాచ్ ప్రభుత్వ క్యాంపుని దీని పక్కన పెట్టి చూడు. అక్కడ కమిటీలుంటాయి, ఎన్నికలుంటాయి, లేనివాళ్లకి కొట్టులో అరువు ఇప్పించే పద్ధతి ఉంటుంది. తీసుకున్నవాళ్లు పని చేసైనా తీర్చొచ్చు కాబట్టి ఎవరూ తలదించుకోనక్కర్లేదు. శనివారం డ్యాన్సులో గొడవ లేపి, ఆ వంకతో పోలీసుల్ని లోపలికి దింపాలన్న కుట్రని క్యాంపువాళ్లు ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా ఆపేస్తారు. అయినా జోడ్‌లు అక్కడ ఉండలేకపోతారు, చుట్టుపక్కల పని లేదు కాబట్టి. మర్యాద దొరికింది, కూలి దొరకలేదు. ఈ మాట తప్పకుండా రాయి. లేకపోతే క్యాంపుని స్వర్గంగా చూపించినట్టవుతుంది.

అన్నిటికన్నా కఠినమైన చోటు ఇరవైఆరో అధ్యాయం. పీచ్ తోటలో సమ్మె నడుస్తోంది. ఆ సంగతి తెలియకుండానే జోడ్‌లు పోలీసుల కాపలాలో లోపలికి వెళ్లి, పెట్టెకి ఐదు సెంట్ల చొప్పున కాయలు కోస్తారు. ఆ రాత్రి జోడ్‌ల కొడుకు టామ్ కంచె దాటి వెళ్తే, సమ్మె నడిపిస్తున్నది తమతోనే ప్రయాణం మొదలుపెట్టిన ఒకప్పటి బోధకుడు కేసీ అని తెలుస్తుంది. మాకు ఇస్తామన్నది రెండున్నర సెంట్లే, మేం ఓడిపోతే రేపు మీకూ అంతే ఇస్తారు, లోపలివాళ్లకి ఆ మాట చెప్పు అంటాడు కేసీ. టామ్ జవాబు చూడు: ఈ రాత్రి మేం మాంసం తిన్నాం, వేరేవాళ్ల కోసం నాన్న ఆ మాంసం వదులుకుంటాడనుకుంటున్నావా? నీ డిసర్టేషన్ మొత్తం నిలబడాల్సింది ఈ ప్రశ్న మీద. ఒక కుటుంబం ఒక పూట తిండి ఒకవైపు, అందరి కూలి ఇంకోవైపు. టామ్ అబద్ధం చెప్పడం లేదు, కేసీ కూడా చెప్పడం లేదు. ఆ తరవాత కేసీ హత్య జరుగుతుంది, సమ్మె విరుగుతుంది, రేటు అతను చెప్పినట్టే రెండున్నరకి పడిపోతుంది. టామ్ మారడానికి కారణం కేసీ మాటలు మాత్రమే కాదు, ఆ లెక్క తన కళ్ల ముందే నిజం కావడం కూడా.

మా జోడ్ గురించి వేరే విభాగం పెడతానన్నావు, పెట్టు. అయితే ఆమెని మొదటి నుంచీ అందరి తల్లిగా చూపించకు. దారిలో కారు పాడై, మీరు ముందు వెళ్లండి, మేం బాగుచేసుకుని వస్తామని టామ్, కేసీ అంటే, జాక్ పిడి చేతబట్టుకుని ఎదురుతిరుగుతుంది. అప్పుడు ఆమె పట్టుదలంతా తన కుటుంబం చీలకూడదనే. ఎడారి దాటిన రాత్రి చనిపోయిన అత్తగారి పక్కనే పడుకుని, ముసలావిడకి ఒంట్లో బాగాలేదని తనిఖీవాళ్లతో చెప్పేదీ అందుకే. పీచ్ తోట కొట్టులో గుమాస్తా, పది సెంట్ల చక్కెర కోసం తన జేబులోంచి డబ్బు తీసి గల్లాలో వేసినప్పుడు, కష్టమొస్తే పేదవాళ్ల దగ్గరికే వెళ్లాలని తెలుసుకుంటున్నానంటుంది. చివరి అధ్యాయానికి వచ్చేసరికి, ఇదివరకు కుటుంబమే ముందు, ఇప్పుడు ఎవరైనా సరే అనే స్థితికి చేరుతుంది. ఈ దారి మెల్లగా నడిచింది. మజిలీలన్నీ చూపిస్తేనే ఆఖరి మాట నమ్మబుద్ధవుతుంది.

కారణాల దగ్గర జాగ్రత్త. "కరువు, దుమ్ము తుపాన్ల వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేయకు. జోడ్‌ల సాలిసా ఓక్లహామా తూర్పున ఉంది. దుమ్ము తుపాన్లు ఘోరంగా దెబ్బతీసింది పడమటి కొసని. తూర్పున రైతుని లేపేసినవి పత్తి ధరలు, అప్పులు, కౌలు, ట్రాక్టర్. 1933 వ్యవసాయ చట్టం కింద పత్తి సాగు తగ్గించినందుకు ప్రభుత్వం డబ్బిస్తే, చాలామంది భూస్వాములు అది తీసుకుని కౌలుదార్లని ఖాళీ చేయించారు. మనుషులు చేసిన నిర్ణయాల వల్ల వచ్చిన కష్టమిది, అందుకే మనుషులు కలిసి ఎదుర్కోవాల్సి వచ్చింది. కష్టం, తోడు నిలవడం అనే నీ రెండు అంశాలకీ ముడి ఇక్కడే పడుతుంది.

జోడ్‌ల కథ ఆపి వలసవచ్చిన వాళ్లందరి గురించీ చెప్పే మధ్య అధ్యాయాల్ని, కథకి అడ్డం వస్తున్నాయని దాటేయొద్దు. మొత్తం ముప్పైలో సగానికి పైగా అవే. పద్నాలుగో అధ్యాయంలో, పొలం పోగొట్టుకున్న ఇద్దరు దారి పక్కన కలిసి కూర్చోగానే ఒకడి నష్టం ఇద్దరిదీ అవుతుంది. భూమి ఉన్నవాళ్లు భయపడాల్సింది దానికేనంటాడు స్టైన్‌బెక్. జోడ్‌ల కథ ఒక కుటుంబానిది మాత్రమే కాదని నిరూపించడానికి నీకు ఆధారం ఈ అధ్యాయాలే.

నవలని ప్రేమిస్తూనే దాన్ని ప్రశ్నించు. కాలిఫోర్నియా తోటల్లో వీళ్లకంటే ముందు పనిచేసిన మెక్సికన్లు, ఫిలిపీనోలు, జపనీయులు, చైనీయులు పంతొమ్మిదో అధ్యాయంలో ఒక జాబితాగా వచ్చి వెళ్లిపోతారు. ఆ కూలీలకీ సమ్మెలున్నాయి, క్యాంపులున్నాయి. అందరం అంటున్న ఈ నవలలో ఆ అందరిలో ఎవరు లేరో ఒక పేజీ రాయి. సనోరా బాబ్ అనే రచయిత్రి కూడా ఈ వలస కూలీల క్యాంపుల్లోనే పనిచేసి అదే కాలంలో నవల రాసింది. స్టైన్‌బెక్ పుస్తకం రావడంతో ప్రచురణకర్తలు వెనక్కి తగ్గారు. చివరికి 2004లో అచ్చయింది. దొరికితే పక్కన పెట్టుకుని చదువు.

ముగింపు ఘట్టం రాయడానికి మొహమాటంగా ఉందన్నావు. బిడ్డని పోగొట్టుకున్న రోజ్ ఆఫ్ షారన్ ఆకలితో చావబోతున్న ముక్కూమొహం తెలియని మనిషికి పాలిస్తుంది. ఎడిటర్ పాస్కల్ కోవిచీ మార్చమంటే స్టైన్‌బెక్ ఒప్పుకోలేదు. పాలు తాగే ఆ మనిషి పరాయివాడే కావాలన్నాడు, వాళ్ల మధ్య పరిచయం పెంచనన్నాడు. నువ్వు మార్జిన్‌లో రాసుకుంటూ వచ్చిన ప్రశ్ననే ఇక్కడా వెయ్యి. ఆమె దగ్గర ఇవ్వడానికి ఇంకేం మిగిలింది? మొహమాటం పోతుంది.

సినిమా మాత్రం డ్రాఫ్ట్ అయ్యాకే చూడు. 1940 నాటి ఆ సినిమాలో ఘటనల వరుస మార్చారు, ఈ ముగింపు లేదు. ముందే చూస్తే రెండూ కలగాపులగం అవుతాయి. గైడ్‌తో మాట్లాడేటప్పుడు టెన్షన్ పడకు. ఇరవై, ఇరవైఆరు అధ్యాయాల మీద రాసిన భాగం ముందు చూపించు. సినాప్సిస్ మార్చి నాకు కూడా పంపు, ఈసారి పేజీ నంబర్లతో.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య