ఎయిర్‌బ్యాగ్ రీకాల్ లెటర్ ఉన్నది, సర్వీస్ సెంటర్ల పార్ట్ లేదంటున్నరు, 10 లక్షలకు కేస్ వేయొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 2021ల నల్గొండల తెలిసినాయన దగ్గర 2012 మోడల్ కారు 3 లక్షల 40 వేలకు కొన్న, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ ఇంకా ఆయన పేరు మీదనే ఉన్నయి. ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ (బ్యాగ్‌ను ఉబ్బించే డబ్బా) ఫ్రీగ మారుస్తం తీస్కరండి అని కంపెనీ లెటర్ ఆయనకు ఎప్పుడో వస్తే మొన్న దసరాకు మా చేతిల పెట్టిండు, దాని ఫోటో పంపుతున్న. సర్వీస్ సెంటర్‌కు పోతే స్టాక్ లేదు వచ్చినంక ఫోన్ చేస్తం అంటున్నరు, ఒకాయన అయితే ఏడేండ్లు దాటిన బండికి రీకాల్ వర్తించదన్నడు. ఐదేండ్ల పాపను ముందు సీట్ల కూసోబెట్టాలంటే గుండె దడ, నిద్ర పడ్తలేదు. సుప్రీంకోర్టు తీర్పు ఉన్నది, మానసిక వేదనకు 10 లక్షలు అడుగు అంటున్నడు మా తమ్ముడు. మెకానిక్ ఏమో 1,500 ఇస్తే ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్ తీసేసి వార్నింగ్ లైట్ రాకుండ చేస్త అంటున్నడు.

జవాబు: అమ్మా, మీరు రాసిన దాంట్ల కేసును తేల్చేది ఒక్కటే ముచ్చట. సర్వీస్ సెంటర్‌కు పోయిన అన్నరు, పోయినట్టు కాయితం ఏది? జాబ్ కార్డ్ లేదు, గేట్ పాస్ లేదు, ఒక ఈమెయిల్ లేదు, అంతా నోటిమాట. రేపు వినియోగదారుల కమిషన్ ముందట వాళ్ల వకీలు లేచి "ఈ బండి మా వర్క్‌షాప్‌కు రానేలేదు సార్" అంటే మీరేం చూపెడ్తరు?

తమ్ముడు చెప్పిన 2022 తీర్పు నిజమే, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోతే కంపెనీదే బాధ్యత అని సుప్రీంకోర్టు అన్నది. కానీ అక్కడ యాక్సిడెంట్ అయింది, మనిషికి దెబ్బలు తగిలినయి. 2019 వినియోగదారుల చట్టంల ప్రొడక్ట్ లయబిలిటీ (వస్తువు లోపంతో హాని జరిగితే కంపెనీ బాధ్యత) కింద పరిహారం కావాలంటే హాని జరిగి ఉండాలె, మానసిక వేదన కూడా దెబ్బతోనో ఆస్తి నష్టంతోనో ముడిపడి ఉంటేనే లెక్కకొస్తది. మీకు ఏ దెబ్బా తగల్లేదు, తగలకుండనే ఉండాలె. అందుకే ఆ 10 లక్షల దారి మీది కాదు. మీది సేవాలోపం కేసు, అంటే కంపెనీ తానే పిలిచి, మీరు బండి తీస్కపోతే పని చేయలేదు అన్న కేసు, అది కాయితం లేకుండ నిలబడది.

ఏడేండ్ల మాట నమ్మకండి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లకొచ్చిన కేంద్ర మోటార్ వాహనాల 127సి రూల్ల ఆ ఏడేండ్ల లెక్క ఉన్నది గానీ, కంపెనీ మీ బండి చాసిస్ నంబర్ వేసి ఫ్రీగ మారుస్తం అని తానే లెటర్ రాసినంక, ఆ రూల్ చూపెట్టి తప్పించుకుంట అంటే నడ్వది. ఆ ముక్క కూడా రాసియ్యమని అడగండి, రాసియ్యరు.

ఇప్పుడు గడువు. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేండ్లు. లెటర్ తారీకు నుంచి లెక్కపెట్టాలె అని కంపెనీ అంటది, దసరాకు నాకు తెలిసింది, తర్వాతనే వాళ్లు కాదన్నరు అని మీరనాలె. అట్ల అనాలంటే రుజువు కావాలె కాబట్టి లెటర్ వచ్చిన కవర్ పోస్టాఫీస్ ముద్రతో సహా దాచిపెట్టండి, పాత ఓనర్‌తోని నేను ఫలానా రోజు ఇచ్చిన అని ఒక అఫిడవిట్ చేయించుకోండి. నోటీసు మీద నోటీసు పంపుకుంట కూసుంటే గడువు పెరగది, ఇది చానామందికి తెల్వక మంచి కేసులు పోగొట్టుకుంటున్నరు.

ఇంకొకటి కోపమొచ్చినా చెప్పాలె. ఆ లెటర్ మీ ఇంటికి ఎందుకు రాలే? ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదనే ఉన్నది కాబట్టి! బండి కొన్నంక 30 రోజుల్ల పేరు మార్చుకోవాలె అని మోటార్ వాహనాల చట్టంలనే ఉన్నది, మీరు ఏండ్లకేండ్లు ఊకున్నరు, ఇన్సూరెన్సూ ఆయన పేరు మీదనే. ఆయన ఆ లెటర్ చింపి పారేస్తే మీకు తెలిసేదే కాదు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి ఈ వారమే ఆర్‌టీఓ ఆఫీసుకు పోండి. సెకండ్ హ్యాండ్‌ల కొన్నా వాడుకునేటోళ్లు వినియోగదారులే, కానీ పేరు మీద ఆర్‌సీ ఉంటే మీరు వినియోగదారు కాదు అనే వాదనే లేవది.

మెకానిక్ జోలికి అస్సలు పోవద్దు, దండం పెట్టి చెప్తున్న. కనెక్టర్ పీకి రెసిస్టర్ పెడ్తే లైట్ రాదు, ఎయిర్‌బ్యాగ్ కూడా రాదు. స్టీరింగ్ మధ్యల ఉన్నది మందుగుండుతో పేలే వస్తువు, తెల్వని చెయ్యి పడితే అక్కడనే పేలొచ్చు. మార్పు చేసిన బండితోని హాని జరిగితే అమ్మినోళ్ల మీద ప్రొడక్ట్ లయబిలిటీ కేసు చెల్లదని వినియోగదారుల చట్టం 87వ సెక్షన్ల స్పష్టంగ ఉన్నది, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా అదే సాకు పట్టుకుంటరు. 1,500 ఇచ్చి కంపెనీ చేతికి మీరే ఆయుధం ఇచ్చినట్టు.

మీ లెటర్ల ఉన్నది తకాటా అనే జపాన్ కంపెనీ రకం ఇన్‌ఫ్లేటర్. దాంట్ల అమ్మోనియం నైట్రేట్ ఏండ్ల తరబడి ఎండకు, ఉక్కకు చెడిపోయి, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇనుప డబ్బా పగిలి ముక్కలు మొఖానికి కొడ్తయి. ఒక్క అమెరికాలనే దాదాపు 6 కోట్ల 70 లక్షల బ్యాగులు వెనక్కి పిలిచిన్రు, తకాటా కంపెనీ 2017ల దివాలా తీసింది. మన నల్గొండ ఎండల ఆరుబయట నిలబడే పాత బండికి ఇది చిన్న విషయం కాదు. మీరు పంపిన ఫోటోల డ్రైవర్ సైడ్ అని ఉన్నది, అంటే పాప కంటే ముందు నడిపేటోళ్లకే గండం. పాపను ఎట్లైనా వెనుక సీట్లనే కూసోబెట్టండి, బండిని అవసరమైతేనే తీయండి.

మల్లొకసారి వర్క్‌షాప్‌కు పోండి. జాబ్ కార్డ్ తెరిపించి, కస్టమర్ కంప్లయింట్ అనే గడిల రీకాల్ నంబర్, చాసిస్ నంబర్ రాయించి, పార్ట్ లేదంటే ఆ మాటే రాసి ముద్ర వేయమనండి. జాబ్ కార్డ్ తెరవము అని వాళ్లంటే ఆ ఆవరణల నిలబడే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ కొట్టండి, కిలోమీటర్ల మీటర్ ఫోటో జత చేయండి. అడ్వైజర్ వాట్సాప్ మెసేజ్‌లు తుడిచేయకండి, ఫోన్ మార్చకండి, ఫోన్ల ఉన్న మెసేజ్‌లు సాక్ష్యంగ చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ వాటికి జత చేయాలె. తర్వాత డీలర్‌కు, కంపెనీకి ఇద్దరికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్ట్ నోటీసు, అట్లనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు.

అయినా కదలకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్ల వేయండి. మీరుండే జిల్లాలనే వేసుకోవచ్చు, బండి ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఫ్రీగ మార్చాలె, మార్చేదాక వేరే బండి ఇయ్యాలె, తిప్పించుకున్నందుకు పరిహారం, ఖర్చులు ఇప్పించాలె అని అడగండి, కేసు తేలేలోపే ఇచ్చే మధ్యంతర ఉత్తర్వుకు వేరే పిటిషన్ పెట్టండి. కేసు వేయనీకి వచ్చేటప్పుడు లెటర్, కవర్, జాబ్ కార్డ్, ఆర్‌సీ ఒరిజినల్స్ తెండి, జిరాక్స్‌లు కాదు.