కేర్ లిస్ట్ పోయాక మీడియా రీసెర్చ్ పేపర్ ఎక్కడికి పంపాలి?

ప్రశ్న: బరంపురంలో జర్నలిజంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్ళు వార్తలు ఏ భాషలో, ఎక్కడ చూస్తున్నారన్నది నా టాపిక్. నమ్మదగ్గ జర్నళ్ళివీ అని యూజీసీ ఇచ్చే కేర్ లిస్ట్ తీసేశారంటున్నారు. మీడియా పరిశోధనకి మన దేశంలో నమ్మదగ్గ జర్నళ్ళు ఏవి? ‘ఐదు రోజుల్లో పబ్లికేషన్, 1,500 రూపాయలు’ అని వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తున్నాయి, పంపొచ్చా?

జవాబు:

ముందు ఆ మెసేజ్ సంగతి. పంపకండి. ఒక పేపర్‌ని ఇద్దరు రివ్యూయర్లు చదివి, తప్పులు చెప్పి, మీరు దిద్ది, మళ్ళీ వాళ్ళు చూసి ఒప్పుకోవడం ఐదు రోజుల్లో అయ్యే పని కాదు. అక్కడ రివ్యూ అన్నదే ఉండదు. డబ్బు పోతే పోయింది, అసలు నష్టం వేరే ఉంది. ఒకసారి అక్కడ అచ్చయిన పేపర్‌ని ఇంకే మంచి జర్నలూ ముట్టుకోదు, ‘ఇదివరకే ప్రచురితం’ అని తిప్పి పంపేస్తుంది. ఊళ్ళు తిరిగి సేకరించుకున్న డేటా అక్కడితో చచ్చిపోతుంది.

మీరు విన్నది నిజమే. 2019లో వచ్చిన కేర్ జాబితాని యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. జర్నల్‌ని ఎలా బేరీజు వెయ్యాలో కొన్ని కొలమానాలు సూచించి, నిర్ణయాన్ని యూనివర్సిటీలకి, పరిశోధకులకి వదిలేసింది. జాబితా ఉన్న రోజుల్లో మాత్రం అంత భరోసా ఏముంది? అంతకుముందు ఉన్న ఆమోదిత జాబితాలోంచి 2018 మేలో ఒక్కసారే 4,305 జర్నళ్ళని పీకెయ్యాల్సి వచ్చింది. ఇంకో మాట, 2022 నవంబరు నాటి పీహెచ్‌డీ నిబంధనల్లో, థీసిస్ ఇచ్చే ముందు పేపర్ అచ్చయి తీరాలన్న యూజీసీ షరతు లేదు. యూనివర్సిటీ సొంతంగా పెట్టుకునే వీలుంది కాబట్టి మీ భంజవిహార్ (బరంపురం యూనివర్సిటీ) పీహెచ్‌డీ సెక్షన్‌లో ఇప్పుడు అమల్లో ఉన్న రూలు కాగితం మీద చూపించమనండి. సీనియర్లు చెప్పేది చాలావరకు 2016 రూలు. లేని షరతుకి భయపడే సగం మంది ఈ వాట్సాప్ జర్నళ్ళ చేతికి చిక్కుతున్నారు.

ఇక జర్నళ్ళు. పాతది, ప్రభుత్వ సంస్థది కావాలంటే ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) వాళ్ళ ‘కమ్యూనికేటర్’. ఆ సంస్థ పుట్టిన 1965 నుంచీ వస్తోంది. హిందీలో రాసేవాళ్ళకి అదే సంస్థది ‘సంచార్ మాధ్యమ్’ ఉంది. అహ్మదాబాద్‌లోని కమ్యూనికేషన్ విద్యాసంస్థ మైకా నుంచి వచ్చే ‘జర్నల్ ఆఫ్ క్రియేటివ్ కమ్యూనికేషన్స్’ని సేజ్ ప్రచురిస్తుంది. అందులో ప్రకటనలు, బ్రాండ్లు, డిజిటల్ మీడియా వైపు మొగ్గు కాస్త ఎక్కువ. ‘మీడియా ఏషియా’ ఆసియా స్థాయిది, ఆమిక్ అనే ఆసియా మీడియా పరిశోధన సంస్థది, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అచ్చు వేస్తుంది. మీ టాపిక్‌కి ఇది సరిపోతుంది. ‘బయోస్కోప్’ మంచి జర్నలే గాని సినిమా, టీవీ తెర గురించిన చర్చకి. మీ సర్వే అక్కడ ఇమడదు. భాష, రాష్ట్ర రాజకీయాల కోణం గట్టిగా ఉంటే ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ కూడా ఆలోచించొచ్చు, కానీ అక్కడ మీ వాదన మీడియా డిపార్ట్‌మెంట్ బయటివాళ్ళకి కూడా అవసరం అనిపించాలి.

సేజ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ లాంటి చోట చందా పద్ధతిలో నడిచే జర్నల్‌కి రచయిత పైసా కట్టక్కర్లేదు. పేపర్ అందరికీ ఉచితంగా తెరిచి ఉంచాలనుకుంటేనే ఫీజు. పేపర్ ఒప్పుకున్నాక ఈమెయిల్‌లో ‘ఓపెన్ యాక్సెస్ కావాలా’ అని అడిగితే కంగారుపడి ఔననకండి, వద్దని పెట్టినా అచ్చవుతుంది. అసలే ఓపెన్ యాక్సెస్‌గా నడిచే జర్నళ్ళలో ఫీజు అడిగేవీ ఉన్నాయి, అడగనివీ ఉన్నాయి. అలాంటి జర్నల్ పేరు డీఓఏజేలో (ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళ డైరెక్టరీ) ఉందో లేదో చూడండి.

జర్నల్ అసలుదో నకిలీదో చూడ్డానికి చాలామంది ఐఎస్‌ఎస్‌ఎన్ ఉందా అని అడుగుతారు. అది పత్రికలకీ జర్నళ్ళకీ ఇచ్చే ఎనిమిది అంకెల ఒట్టి గుర్తింపు సంఖ్య, నాణ్యతకి ముద్ర కాదు. వారపత్రికకీ ఉంటుంది. అయినా కల్పించి వేసిన అంకెని ఒక నిమిషంలో పట్టుకోవచ్చు. కమ్యూనికేటర్‌ది 0588-8093. మొదటి ఏడు అంకెల్ని వరసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించండి: 0, 35, 48, 40, 32, 0, 18. మొత్తం 173. దాన్ని 11తో భాగిస్తే మిగిలేది 8. 11లోంచి 8 తీసేస్తే 3. చివరి అంకె 3 కాబట్టి లెక్క కుదిరింది. ఈ తీసివేతలో 10 వస్తే చివర ఎక్స్ అక్షరం ఉంటుంది, శేషం సున్నా అయితే సున్నా.

లెక్క కుదిరినంత మాత్రాన అయిపోలేదు. ఇప్పుడు నడుస్తున్న పెద్ద మోసం క్లోన్ జర్నల్. వెబ్‌సైట్ లేని పాత ప్రింట్ జర్నల్ పేరూ, దాని అసలు ఐఎస్‌ఎస్‌ఎన్ అంకే ఎత్తుకొచ్చి సైటు తెరుస్తారు. అందుకే ఆ అంకెని ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్‌లో కొట్టి అక్కడ పేరు ఏమని ఉందో, దేశం ఏదో, ప్రింటా ఆన్‌లైనా చూడండి. ప్రింట్ అని నమోదైన జర్నల్ నెలకి వంద పేపర్లు ఆన్‌లైన్‌లో పెడుతుంటే అర్థమైపోతుంది. స్కోపస్‌లో (ఎంపిక చేసిన జర్నళ్ళ అంతర్జాతీయ డేటాబేస్) ఉందంటే స్కోపస్ సోర్సుల జాబితాలో మీరే వెతకండి, అది ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పేరు దొరికాక కవరేజ్ ఏ సంవత్సరం దాకా ఉందో కూడా చూడండి, మధ్యలో ఆపేసినవి బోలెడు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లని సగటున ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్క) అంటే క్లారివేట్ అనే సంస్థ వాళ్ళు ఏటా ఇచ్చేదే. సైటు నెత్తిన ‘7.8’ అని మెరుస్తూ, ఎవరిచ్చారో చెప్పకపోతే ఆ పేజీ మూసెయ్యండి.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ నమ్మేది చివరి మూడు సంచికలు తెరిచి చదవడం. ఒకే సంచికలో టీవీ వార్తలు, చేపల పెంపకం, జీఎస్‌టీ, యోగా మీద పేపర్లుంటే అది జర్నల్ కాదు, జిరాక్స్ షాపు. మంచి జర్నల్ అయితే ఈ చదువు ఇంకోలా పనికొస్తుంది. మీ టాపిక్‌కి దగ్గరగా వచ్చిన రెండు మూడు పేపర్లు దొరికితే మీ పేపర్ వాటితో మాట్లాడుతున్నట్టు రాయొచ్చు. ఎడిటర్ దగ్గరే ఆగిపోయే పేపర్లు ఎక్కువగా ఆ జర్నల్ ఒక్కసారి కూడా తెరవకుండా పంపినవే. పైసలిచ్చి చదవాల్సిన అవసరం కూడా ఇప్పుడు తగ్గింది. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద సేజ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సహా 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు ప్రభుత్వ విద్యాసంస్థలకి అందుతున్నాయి. లాగిన్ కోసం లైబ్రరీలో అడగండి.

మీ టాపిక్‌లో బలం ఉంది, కానీ ‘గంజాం జిల్లా తెలుగువారిపై మీడియా ప్రభావం: ఒక అధ్యయనం’ అని శీర్షిక పెడితే మొదటి రోజే వెనక్కి వస్తుంది. ప్రభావం కొలవాలంటే ముందూ తర్వాతా కొలిచిన డేటా కావాలి, ఒక్కసారి చేసిన సర్వేలో అది ఉండదు. వాడకం గురించి అడగండి: బడి ఒడియా, ఇంటి మాట తెలుగు అయినప్పుడు, స్థానిక వార్తకి ఒక భాష, సినిమాకీ రాజకీయానికీ ఇంకో భాష అని జనం పంచుకుంటున్నారా? ఇది ప్రశ్న. దీనికి జవాబు చెప్పొచ్చు.

బయటి రివ్యూయర్‌కి తప్పకుండా చెప్పాల్సిన నేపథ్యం ఒకటుంది. ఒడిశాలో తెలుగువాళ్ళంటే పని కోసం వలసొచ్చినవాళ్ళని అనుకుంటారు, ‘డయాస్పోరా (వలస సమాజాల) సిద్ధాంతం ఎందుకు వాడలేదు’ అని రాస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోంచి ఈ ప్రాంతం ఇటు వచ్చిందనీ, జనం కదల్లేదు, రాష్ట్రం మారిందనీ మొదటి పేజీలోనే ఒక పేరా పెట్టండి. జనాభాకి 2011 జనగణన మాతృభాష పట్టిక వాడండి, అందులో జిల్లాలవారీగా ఉంది. పాతదే, కానీ దానికన్నా కొత్తది ఇంకా రాలేదు. పత్రికల సర్క్యులేషన్‌కి ప్రెస్ రిజిస్ట్రార్ వార్షిక నివేదిక తీసుకుంటే అవి చాలావరకు ప్రచురణకర్తలు స్వయంగా చెప్పుకున్న అంకెలని ఒక వాక్యం రాయాలి. రాయకపోతే రివ్యూయర్ రాస్తాడు.

శాంపిల్ దగ్గరే ఎక్కువ పేపర్లు పడిపోతాయి. అందరూ 384 మంది అంటారు. 95 శాతం విశ్వాసం, 5 శాతం పొరపాటు పెట్టుకుంటే వచ్చే అంకె అది, నిజమే. కానీ ఆ సూత్రం పనిచేసేది యాదృచ్ఛికంగా ఎంచుకున్న శాంపిల్‌కే. గేట్ బజార్‌లో ఎదురైన వాళ్ళని 384 మందిని అడిగి ఆ సూత్రం రాస్తే గణాంకాలు తెలిసిన వాడికి ఒళ్ళు మండుతుంది. అంతకన్నా వార్డులవారీ ఓటరు జాబితా నుంచి ఇళ్ళు ఎంచుకోండి. లేదా 40 ఇళ్ళే తీసుకుని లోతుగా ఇంటర్వ్యూలు చేసి గుణాత్మక పేపర్ అని నిజాయితీగా చెప్పండి. బరంపురం పేటల్లోవాళ్ళూ, గోపాల్‌పూర్ తీరంలోని జాలార్లూ, పర్లాకిమిడి పాత కుటుంబాలూ ఒకే గంపలో వేసే మనుషులు కారు. చోటు వారీగా విడదీసి చూపించండి.

ప్రశ్నావళి తెలుగు లిపిలో మాత్రమే ముద్రిస్తే ఒడియా మీడియంలో చదివిన పాతికేళ్ళవాళ్ళు చదవలేరు. తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరాలు రావు. చదవలేమని చెప్పడానికి మొహమాటపడి ఏదో ఒక గడి నింపేస్తారు, డేటా అక్కడే పాడవుతుంది. మీరే చదివి వినిపించి గడులు నింపండి. ‘మీరు ఏ భాష వార్తలు చూస్తారు’ అని అడిగితే అభిమానం కొద్దీ తెలుగనే అంటారు. ‘నిన్న రాత్రి టీవీలో ఏ చానల్, ఎంతసేపు, రిమోట్ ఎవరి చేతిలో ఉంది, తర్వాత ఫోన్లో ఏం చూశారు’ అని అడగండి. జవాబు మారిపోతుంది. ఎవరి పేరూ బయటికి రాకుండా అనుమతి పత్రం తీసుకోండి. జర్నల్ ఎథిక్స్ క్లియరెన్స్ అడుగుతుంది, ఫీల్డుకి వెళ్ళకముందే కమిటీ నుంచి తెచ్చుకోవాలి, తర్వాత ఇవ్వరు.

రాతకొస్తే, థీసిస్ అధ్యాయాన్ని కత్తిరించి పంపితే కుదరదు. ఆరేడు వేల పదాల్లో ఒకే వాదన, సిద్ధాంత పరిచయం రెండు పేజీలు దాటకుండా. ఈ రంగంలో చాలా జర్నళ్ళకి ఆధారాలు చూపే పద్ధతి ఏపీఏ ఏడో కూర్పు శైలి, అయినా ఆ జర్నల్ సూచనలే ప్రమాణం. పేరు కనిపించకుండా పంపమన్నప్పుడు మొదటి పేజీతో పాటు వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో రచయిత పేరు కూడా తీసెయ్యాలి. ఇది మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. ఏఐతో భాష దిద్దించుకుంటే ఆ సంగతి చెప్పాలి.

మీ రాత ఇతరుల రాతతో ఎంత కలిసిందో సాఫ్ట్‌వేర్‌ చూపే పోలిక శాతం గురించి అనవసర భయాలున్నాయి. 2018 యూజీసీ నిబంధనల్లో థీసిస్‌కి 10 శాతం లోపు తప్పు కాదు. 10 నుంచి 40 అయితే దిద్ది మళ్ళీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఉటంకింపులు, గ్రంథసూచి, వరసగా 14 పదాల వరకు కలిసిన మామూలు మాటలు లెక్కలోకి రావు. పేపర్ ముందు వచ్చి తర్వాత థీసిస్ ఇస్తే మీ పేపరే మీ థీసిస్‌లో కాపీగా కనబడుతుంది. దాన్ని మినహాయించమని గైడ్ చేత రాయించుకోండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

పేపర్ ఒకసారికి ఒక్క జర్నల్‌కే. జవాబుకి మూడు నుంచి ఆరు నెలలు మామూలు, నాలుగో నెలలో ఒక మర్యాదైన ఈమెయిల్ పెట్టొచ్చు. దిద్ది పంపమంటే అది తిరస్కారం కాదు. రివ్యూయర్ రాసిన ప్రతి మాటనీ ఒక పట్టికలో పెట్టి, పక్కన మీరేం మార్చారో పేజీ అంకెతో రాయండి. ఒప్పుకోని చోట ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి, మౌనంగా దాటెయ్యకండి.

ఒకవేళ ఆ వాట్సాప్ వాళ్ళకి ఇప్పటికే ఫైల్ పంపేసి ఉంటే, కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టకండి, డబ్బు కట్టకండి. ‘ఈ పేపర్‌ని ఉపసంహరించుకుంటున్నాను, ప్రచురణకి అనుమతి లేదు’ అని ఈమెయిల్‌లో రాసి, గైడ్‌ని కాపీలో పెట్టి, ఆ ఈమెయిల్ దాచుకోండి. ఉపసంహరణ ఫీజు అడుగుతారు, కట్టక్కర్లేదు.