నెట్ సన్నగా ఉన్నచోట ఐపీ స్పీకర్లు పెట్టబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

కాలేజీలో ప్రకటనలకు నువ్వు పెట్టబోయే ఐపీ స్పీకర్ల (అంటే నెట్‌వర్క్ మీద మాట అందుకునే స్పీకర్ల) ప్లానూ, కొటేషనూ చూశాను. మెయిన్ క్యాంపస్‌లో నలభై స్పీకర్లు, ఊరి అవతలి రెండు హాస్టళ్లలో పన్నెండేసి, కేబుల్ వెళ్లని కొత్త బ్లాకులో 4జి సిమ్ రౌటర్ మీద ఆరు. అంతా బాగానే ఉంది గానీ, "300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే ఏ సమస్యా ఉండదు" అని రాశావే, ఆ లైను కొట్టెయ్. ఆ డబ్బు నెట్‌వర్క్ స్విచ్‌ల (కేబుళ్లన్నీ కలిపే డబ్బాల) మీదా, మంచి రౌటర్ మీదా పెట్టు.

మాటకు ఎంత నెట్ కావాలో లెక్క వేసి చూడు. మాటను బిట్లుగా మార్చే కోడెక్‌లలో 1972లో వచ్చిన జి.711నే టెలిఫోన్ల వాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. అందులో ఒక గొంతుకు సెకనుకు 64 కిలోబిట్లు. మాటను ముక్కలు చేసి పంపే ప్యాకెట్ల మీద అంటించే అడ్రసుల బరువు కూడా కలిపితే ఈథర్‌నెట్ (కేబుల్ నెట్‌వర్క్) మీద 87 దాకా వస్తుంది. నలభై స్పీకర్లకూ విడివిడిగా పంపినా మూడున్నర మెగాబిట్లే. ఒక కుర్రాడు మంచి క్వాలిటీలో సినిమా చూస్తే అంతకంటే ఎక్కువ లాగుతాడు. కాబట్టి స్పీకర్లో మాట తెగిందంటే, మెగాబిట్లు చాలకపోవడం వల్ల అయ్యుండదు. వచ్చేది సమంగా రాకపోవడం వల్ల అయ్యుంటుంది.

"మరి ఇంట్లో అమ్మ స్పీకర్లో అదే నెట్ మీద పాటలు ఆగకుండా వస్తున్నాయి కదా" అని అడిగావు. మంచి ప్రశ్న. పాట ముందే తయారై ఎక్కడో సర్వర్లో ఉంది. స్పీకర్ దాన్ని కొంత ముందుగానే దింపుకుని పెట్టుకుంటుంది. దారిలో ఒక ముక్క పోతే మళ్లీ అడిగి తెప్పించుకునే తీరిక దానికి ఉంది. నెట్ మరీ పల్చబడితే క్వాలిటీ తగ్గించుకుంటుంది కూడా. స్పాటిఫైలో 'వెరీ హై' మెట్టు 320 కిలోబిట్లయితే అడుగుమెట్టు 24 మాత్రమే. ప్రిన్సిపాల్ గారి మాట అలా కాదు. ఆయన నోట్లోంచి వచ్చేదాకా ఆ మాట ఎక్కడా లేదు, ముందుగా దింపుకోవడానికి. వచ్చాక సెకనుకు యాభై చిన్న ముక్కలుగా బయల్దేరుతుంది. ఆలస్యమైన ముక్క పోయిన ముక్కతో సమానం.

అందుకని నెట్ మీద పంపనక్కర్లేనిది పంపకు. కాలేజీ స్పీకర్లో రోజంతా వినిపించేది ఏమిటి? పీరియడ్ బెల్లు, పొద్దున ప్రార్థన, జాతీయ గీతం, హాస్టల్లో స్టడీ అవర్ బెల్లు, "ఫీజుకు ఆఖరు తేదీ" లాంటి రికార్డు చేసిన ప్రకటనలు. వీటిలో ఒక్కటీ లైవ్ కాదు. స్పీకర్ కొనేటప్పుడు లోపల మెమరీ ఉందా, టైం ప్రకారం తనంతట తానే ప్లే చేసే షెడ్యూలర్ ఉందా అని చూడు. జాతీయ గీతం 52 సెకన్లు. 64 కిలోబిట్ల ఎంపీ3గా దాస్తే 416 కిలోబైట్లు, ఫోన్లో తీసిన ఒక ఫొటో అంత కూడా లేదు. ఇలాంటివన్నీ నెట్ ఖాళీగా ఉండే రాత్రివేళ ఒకసారి స్పీకర్లలోకి ఎక్కించేస్తే, పగలు "మూడో నంబరు ప్లే చెయ్" అన్న చిన్న ఆదేశం వెళ్తే చాలు. అది 4జి ఒక గీత మీద ఉన్నా వెళ్తుంది. బెల్లుకైతే ఆ ఆదేశం కూడా అక్కర్లేదు.

దీనికి ఒక చిక్కుంది, ఇప్పుడే రాసుకో. చాలా స్పీకర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వచ్చాక తేదీ 1970 జనవరి 1 దగ్గర మొదలవుతుంది, నెట్ నుంచి టైం తెచ్చుకుంటే గానీ సర్దుకోదు. కరెంటూ నెట్టూ కలిసి పోయిన రోజు బెల్లు మోగదు, లేకపోతే అర్ధరాత్రి మోగుతుంది. ప్రతి బిల్డింగ్‌లో రౌటరే టైం చెప్పేలా ఎన్‌టీపీ పెట్టి, ఆ రౌటర్‌కు చిన్న యూపీఎస్ తగిలించు. అగ్నిమాపక అలారం మాత్రం ఈ నెట్‌వర్క్ మీద ఆధారపడకూడదు. దానికి పాత పద్ధతిలో విడి వైరింగే ఉండాలి. ఈ విషయంలో మేనేజ్‌మెంట్ ఎంత బతిమాలినా ఒప్పుకోకు.

ఇక లైవ్ సంగతి. మెయిన్ క్యాంపస్ లోపల మల్టీకాస్ట్ వాడు. సర్వర్ ఒకే కాపీ వదులుతుంది, కావలసిన స్పీకర్లన్నీ దాన్నే అందుకుంటాయి. నలభై అయినా నాలుగు వందలయినా సర్వర్ నుంచి వెళ్లేది ఆ 87 కిలోబిట్లే. కాకపోతే స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (ఏ పోర్టులో ఎవరు వింటున్నారో గమనించే ఏర్పాటు) లేకపోతే ఆ ప్రవాహం అవసరం లేని ప్రతి పోర్టుకూ పోతుంది. స్నూపింగ్ పెట్టి క్వెరియర్ పెట్టడం మరిచిపోతే ఇంకో తంటా. "ఇంకా వింటున్నారా?" అని అడిగేవాడు లేక, స్విచ్ 260 సెకన్లకు స్పీకర్లను లిస్టులోంచి తీసేస్తుంది. నేను చూసిన ఒక స్కూల్లో ఇదే జరిగింది. ఆన్ చేసిన కొత్తలో గణగణమని పలికేవి, నాలుగైదు నిమిషాలకు మూగబోయేవి. పెట్టినవాళ్లు స్పీకర్లు చెడిపోయాయని బాక్సులు బాక్సులు మార్చారు. తీరా చూస్తే స్విచ్‌లో ఒక్క టిక్కు పెడితే పోయే పని.

వైఫై స్పీకర్ల దగ్గర ఈ సలహా తిరగబడుతుంది. గాలిలో మల్టీకాస్ట్‌ను యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే డబ్బా) సాధారణంగా అడుగు స్పీడులో పంపుతుంది, అందిందో లేదో అడగదు, పోయిన ముక్కను మళ్లీ పంపదు. అదే విడిగా పంపితే అందేదాకా కొన్నిసార్లు ప్రయత్నిస్తుంది. అందుకని వైఫై మీద నాలుగైదు స్పీకర్లే ఉంటే విడివిడిగానే పంపు. నన్నడిగితే అసలు వైఫై స్పీకర్ జోలికే పోకు. ఒక్క కేబుల్ లాగితే కరెంటూ నెట్టూ అందులోనే వస్తాయి. అయితే ఇలా నెట్ కేబుల్‌లోనే కరెంటు పంపే మామూలు పీఓఈ పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు, స్పీకర్‌కు చేరేది 13 లోపే. గ్రౌండులో హారన్ సౌండు చాలడం లేదని ఎవరైనా అంటే ఆ నేరం నెట్ మీద వేయకు.

హాస్టళ్లకు మల్టీకాస్ట్ ఇంటర్నెట్ దాటి వెళ్లదు. అలాగని పన్నెండు స్పీకర్లకు పన్నెండు కాపీలూ పంపకు. ఒకటే పంపు. అక్కడ ఒక చిన్న రిలే డబ్బా దాన్ని అందుకుని లోపల అందరికీ పంచుతుంది. సిమ్ రౌటర్ ఉన్న బ్లాకులోనూ అదే పని. అక్కడ ఇంకొకటి కూడా చూసుకో. సిమ్‌కు సాధారణంగా బయటివాళ్లు నేరుగా చేరగల అడ్రస్ ఉండదు. కాలేజీ సర్వర్ దాన్ని పిలవలేదు, రిలేనే సర్వర్‌ను పిలిచి లైను తెరిచి ఉంచాలి.

ఈ దూరపు లైన్లకు జి.711 వద్దు, ఓపస్ అనే కోడెక్ పెట్టు. 2012లో ప్రమాణంగా వచ్చింది, లైసెన్స్ ఫీజు లేదు, 6 కిలోబిట్ల నుంచి 510 దాకా ఎంతకైనా సర్దుకుంటుంది. హారన్ స్పీకర్ అడుగు శబ్దాలు ఎలాగూ పలకదు, దానికి స్టీరియోలో వందల కిలోబిట్లు పంపడం దండగ. మోనోలో 16 నుంచి 24 చాలు. అలాగని శాంప్లింగ్ (సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలవాలో ఆ లెక్క) 8 కిలోహెర్ట్జ్‌కు దించకు, 16 ఉంచు. ఫోన్‌లో లాగా 3,400 హెర్ట్జ్ దగ్గర కోసేస్తే 'స' ఏదో 'ఫ' ఏదో తెలియదు. పిలిచింది ఏ పేరో తెలియక వరండాలో పిల్లలు మొహాలు చూసుకుంటారు.

ఇక్కడ చాలామంది చూడని లెక్క ఒకటుంది. 16 కిలోబిట్ల ఓపస్‌లో 20 మిల్లీసెకన్ల మాట అంటే 40 బైట్లు. దాని మీద ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు (ఇందాక చెప్పిన అడ్రసుల బరువు) ఇంకో 40 బైట్లు. వంద రూపాయల సరుకుకు వంద రూపాయల ఆటో కిరాయి అన్నమాట. 16 అనుకున్నది 32 అయి కూర్చుంటుంది. ప్యాకెట్‌కు 60 మిల్లీసెకన్ల మాట నింపితే మొత్తం 21కి దిగుతుంది. కానీ అప్పుడు ఒక్క ప్యాకెట్ పోయినా ఒక అక్షరం మింగినట్టవుతుంది. సిమ్ లైనుకు 40 మిల్లీసెకన్లు పెట్టు, 24 కిలోబిట్లలో పోతుంది. ఓపస్‌లో ఎఫ్‌ఈసీ అని ఉంటుంది, పోయిన ముక్క తాలూకు పల్చటి నకలు తర్వాతి ప్యాకెట్‌లో పెట్టి పంపుతుంది. దానికి కాస్త బిట్లు ఖర్చయినా సిమ్ లైనుకు ఆన్ చెయ్. క్యాంపస్ లోపల అక్కర్లేదు.

బఫర్ (వచ్చిన ముక్కలను పలికేముందు కాసేపు ఆపి ఉంచే చోటు) దగ్గర పిసినారితనం చూపించకు. ఫోన్లో ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదంటారు. ప్రకటన ఒకవైపు మాటే కదా, ఒక సెకను ఆలస్యంగా వినిపిస్తే కొంపలేమీ మునగవు. క్యాంపస్‌లో 60 మిల్లీసెకన్లు సరిపోతే సిమ్ బ్లాకుకు 500 ఇచ్చెయ్, అంతకంటే ఎక్కువైనా ఫరవాలేదు. ముక్కలు ఎగుడుదిగుడుగా వచ్చినా, బఫర్లో వరసకట్టి సమంగా బయటికొస్తాయి. అయితే ఒకే చోట నిలబడ్డవాడికి రెండు స్పీకర్లు వినిపిస్తుంటే ఆ రెండింటికీ ఆలస్యం ఒక్కటే ఉండాలి. తేడా 50 మిల్లీసెకన్లు దాటితే మాట రెండుసార్లు వినిపించినట్టుంటుంది. పైగా మైకు ముందున్నవాళ్లకు తమ గొంతే కాస్త ఆగి వినిపిస్తే నాలుక తడబడుతుంది. ప్రిన్సిపాల్ గారి గది బయటి స్పీకర్‌ను ఆయన మాట్లాడేటప్పుడు మ్యూట్ చేయించు.

హాస్టళ్లలో అసలు శత్రువు రాత్రి భోజనాల తర్వాత వస్తాడు. ఎవరో ఒకడు ప్రాజెక్టు వీడియో అప్‌లోడ్ పెడతాడు. రౌటర్లో పెద్ద క్యూ పేరుకుంటుంది, ఆ వెనకాల రిలే డబ్బా తెరిచి ఉంచిన లైను నిలబడుతుంది. దిగే దారిలో డౌన్‌లోడ్లు నిండితే ప్రొవైడర్ డబ్బాలో అదే కథ. స్పీడ్ టెస్ట్ చేస్తే మాత్రం 100 ఎంబీపీఎస్ అని పచ్చగా చూపిస్తుంది. ప్లాన్ పెంచితే రెండు రోజులు బాగుంటుంది, తర్వాత పిల్లలు దాన్నీ నింపేస్తారు. ఎస్‌క్యూఎం (క్యూ పేరుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న రౌటర్ తీసుకుని, వచ్చే స్పీడులో తొంభై శాతం దగ్గర రెండువైపులా కట్టెయ్. అప్పుడు క్యూ ప్రొవైడర్ డబ్బాలో కాక నీ చేతిలో ఉంటుంది, మాటల ప్యాకెట్లను ముందుకు పంపగలవు. ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 అనే 'ముందు పంపు' గుర్తు వేస్తే నీ స్విచ్‌లు గౌరవిస్తాయి. బయటి ఇంటర్నెట్‌లో ఆ గుర్తును పట్టించుకుంటారని ఆశ పెట్టుకోకు.

ఇవన్నీ పెట్టేముందు ఒక పని చెయ్. పగలు పదింటికి కాదు, రాత్రి తొమ్మిదికి హాస్టల్లో కూర్చుని కాలేజీ సర్వర్‌కు ఓ అరగంట పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి ఎంతసేపో కొలిచే పరీక్ష) నడుపు. సగటు చూడకు. సగటు 40 మిల్లీసెకన్లుండి, మధ్యమధ్య 600కు ఎగిరితే నీ కష్టమంతా ఆ 600 దగ్గరే ఉంటుంది. సిమ్ బ్లాకులో కనీసం రెండు కంపెనీల సిమ్‌లు వేసి చూడు, వాన పడిన రోజు కూడా ఒకసారి చూడు.

ఆ రీడింగులు వాట్సాప్ చెయ్, ఏ సైటుకు ఎంత బఫర్ పెట్టాలో చూసి చెబుతాను. రిలే డబ్బాలు మాత్రం రేపే ఆర్డర్ పెట్టు, అవి రావడానికి టైం పడుతుంది. టెన్షన్ పడకు. మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య