వేలిముద్రల రిపోర్టు పక్కన పెట్టి, తెనాలి వెళ్లి రండి

ప్రశ్న: మేము విజయవాడలో ఉంటాము. నేను బ్యాంకు ఉద్యోగిని. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. వారం వారం పెట్టే పరీక్షల్లో మార్కులు రావడం లేదు. మా తోడల్లుడి కొడుకు అదే కాలేజీలో మొదటి సెక్షన్‌లో ఉన్నాడు. ఈ మధ్య వేలిముద్రలతో తెలివితేటల పరీక్ష చేయిస్తే, వీడికి శరీర చలనానికి సంబంధించిన తెలివి ఎక్కువనీ, తర్కం, గణితం తొమ్మిది శాతమేననీ రిపోర్టు వచ్చింది. సెలవులిస్తే చాలు, తెనాలిలో మా నాన్నగారి మోటారు వైండింగ్ కొట్టుకు పోయి మసి పూసుకుని వస్తాడు. మొన్న పుస్తకం తియ్యరా అంటే, మోటారు నేమ్‌ప్లేటు మీద 1500 ఉండాలి కదా, 1440 ఎందుకుందని నాతో వాదన. ఇక అక్కడికి పంపడం మానేశాను. నాన్నగారిది ఎలక్ట్రికల్ బిజినెస్ అని ఆఫీసులో చెప్పుకుంటున్నాను, వీడు కూడా ఆ స్పానర్లే పట్టుకుంటాడేమోనని భయంగా ఉంది. గ్రూపు మార్చమంటారా? ఏ కోర్సు నప్పుతుంది?

జవాబు: ఆ రిపోర్టును చూసి గ్రూపు మార్చవద్దు. మీరు అడిగిన దానికి జవాబు అంతే. మీరు డబ్బు కట్టి తెచ్చుకున్న ఆ కాగితానికి శాస్త్రపరమైన ఆధారం లేదు. వేలి గీతలు తల్లి కడుపులో ఉండగానే రూపు దిద్దుకుంటాయి. వాటిని చూసి, ఇంటర్ చదివే పిల్లవాడికి లెక్కలు వస్తాయో రావో చెప్పగల విద్య ఎవరి దగ్గరా లేదు. ఇటువంటి రిపోర్టులు తెలివిని రకాలుగా విడదీసే పద్ధతిని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ దగ్గర అరువు తెచ్చుకుంటాయి. ఆయన 1983లో భాష, తర్కం-గణితం, సంగీతం, శరీర చలనం, స్థల జ్ఞానం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, తనను తాను తెలుసుకోవడం అని ఏడు తెలివులు చెప్పి, తరువాత ప్రకృతిని గుర్తుపట్టే తెలివిని ఎనిమిదోదిగా చేర్చారు. వాటిని విడివిడి తెలివులుగా లెక్కించడానికి మనస్తత్వ శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోరు, అది వేరే చర్చ. చేతికి ఎక్కువ పడితే బుర్రకు తక్కువ పడుతుందని, ఆస్తి పంచినట్టు శాతాలుగా పంచమని మాత్రం ఆయన చెప్పలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ 1440. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు కాబట్టి నాలుగు పోళ్ల, అంటే నాలుగు అయస్కాంత ధ్రువాల, మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. లోపల తిరిగే భాగమైన రోటారు దానిని తరుముతూ కొంచెం వెనకబడుతుంది, వెనకబడకపోతే రోటారులో కరెంటు పుట్టదు, తిరిగే బలమూ రాదు. ఆ వెనకబాటే మీవాడు పట్టుకున్న 60 చుట్ల తేడా. దీనికి మూలమైన విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్సులో వస్తుంది. తొమ్మిది శాతం అని ముద్ర వేయించుకున్న పిల్లవాడు, పాఠం ఇంకా మొదలు కాకముందే ఆ పాఠానికి ప్రాణమైన ప్రశ్న వేస్తే, మీరు దానికి వాదన అని పేరు పెట్టారు.

బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో అమ్ముకునే ఐదుగురు పిల్లలపై జరిగిన ఒక అధ్యయనం 1985లో అచ్చయింది. బేరం మధ్యలో, ఇన్ని కొబ్బరికాయలు ఎంత అవుతాయని అడిగితే నూటికి 98 వంతులు సరిగ్గా చెప్పిన ఆ పిల్లలే, అటువంటి లెక్కలను ఉత్త అంకెలుగా కాగితం మీద ఇచ్చేసరికి నూటికి 37 వంతులే చేయగలిగారు. ఐదుగురితో లోకమంతటికీ సూత్రం కట్టలేము గానీ, మార్కుల షీటు ఒక్కటే చూసి మీవాడికి లెక్క రాదని తేల్చకుండా ఆగడానికి ఇది చాలు.

కాలిన మోటారు విప్పినప్పుడు పాత కాయిల్ కోసి పారేయడానికి ముందే చుట్లు లెక్కపెట్టుకోవాలి, రాగి తీగ గేజి, అంటే మందం, చూసుకోవాలి, తీగ ఏ స్లాటు (గాడి) నుంచి ఏ స్లాటుకు వెళ్లిందో చీటీ మీద రాసుకోవాలి. ఇంత చేశాక ఒక్క కనెక్షన్ తిరగబడినా మోటారు గుర్రుమంటుంది గానీ సరిగా తిరగదు. తప్పు అక్కడికక్కడే తెలుస్తుంది, విప్పి మళ్లీ చుట్టాలి. పని నేర్పే మంచి మెకానిక్ అన్నీ తానే చెప్పడు, "ఇప్పుడేం చేస్తావు?" అని అడిగి ఊరుకుంటాడు. 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు తేల్చినదీ ఇంచుమించు ఇదే: పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థుల కంటే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసిన విద్యార్థులకు వారం తరువాత ఎక్కువ గుర్తుంది. మీ అబ్బాయి కెమిస్ట్రీని కూడా అలా చదవవచ్చు: ఒకసారి చదివి, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద రాసి, తప్పులు దిద్దుకుని, రెండు రోజులు పోయాక మళ్లీ రాయాలి. తోడల్లుడి కొడుకు సంగతి నేను చదవలేదనుకోండి.

ఇక అసలు విషయం. మీ బాధ అబ్బాయి తెలివి గురించి అనుకుంటున్నారు, నాకు మాత్రం మీకూ మీ నాన్నగారికీ మధ్య ఉన్న దూరమే కనిపిస్తోంది. ఆ కొట్టు సంపాదనతోనే మీరు చదువుకుని ఉంటారని ఊహిస్తున్నాను, ఊహ తప్పయితే మన్నించండి. కన్నతండ్రి పనిని సహోద్యోగుల దగ్గర పేరు మార్చి చెప్పుకోవలసి వచ్చిందంటే, తగ్గింది ఆయన గౌరవమని నేను అనుకోను. తాతయ్య దగ్గరకు పంపడం మానేసిన నాడు మీవాడికి అర్థమైంది ఒక్కటే, తనకు బాగా వచ్చిన పని నాన్నకు సిగ్గుచేటని. అటువంటి పిల్లవాడు మీరు ఇష్టపడే పుస్తకాన్ని ఏ మనసుతో తెరుస్తాడు? వాడు వైండింగ్ మెకానిక్ కావాలని నేను చెప్పడం లేదు, అయితే తప్పేమిటని అడగకుండా ఉండలేను. రేపు ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరాలన్నా మామూలు దారి ఎంపీసీయే. వాడికేం కావాలో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, వాడినే అడగండి.

వచ్చే ఆదివారం ఇద్దరూ తెనాలి బస్సెక్కండి. కొట్టులో స్టూలు లాక్కుని కూర్చుని, అబ్బాయి ఎదుటే ఆ 1440 సంగతి మీ నాన్నగారిని మీరే అడగండి. ఆయన పుస్తకంలో మాటలు వాడకపోవచ్చు, మధ్యలో గిరాకీ వస్తే లేచి వెళ్లి మళ్లీ మొదటి నుంచీ చెప్పవచ్చు. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా ఫోను జేబులోంచి తీయకండి.