ఛాతీలో నీరు తీసినా మళ్లీ చేరుతోంది, అమ్మకు నీళ్లు తగ్గించాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మకు 58 ఏళ్లు. రెండేళ్ల కింద రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాయి. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని నల్లగొండలో రెండుసార్లు తీశారు, అందులో క్యాన్సర్ కణాలున్నాయట. పదిహేను రోజులకే మళ్లీ ఆయాసం. తీసినకొద్దీ ఊరుతుంది, తీయించొద్దు, నీళ్లు కూడా తక్కువ తాగించమని చుట్టాలంటున్నారు. ఏం చేయాలి?

సలహా: ముందు అమ్మకు దాహమైతే కడుపునిండా నీళ్లివ్వండి. తాగే నీళ్లు తగ్గిస్తే ఈ నీరు తగ్గదు, ఆమె ఇంకా నీరసపడుతుంది. ఈ నీరు ఊపిరితిత్తి లోపల కాదు, దాని చుట్టూ ఉండే రెండు పల్చటి పొరల మధ్య చేరుతుంది. మామూలుగా అక్కడుండేది రెండు మూడు చెంచాలే, ఊరింది ఊరినట్టే ఇంకిపోతుంటుంది. క్యాన్సర్ కణాలు ఆ పొరల మీద చేరేసరికి ఊట పెరిగి, ఇంకే దారులు మూసుకుపోతాయి. మళ్లీ నిండింది అందుకే, తీసినందుకు కాదు. తీయించకపోయినా నిండుతుంది, అమ్మ మాత్రం పడుకోలేక రాత్రంతా కూర్చునే ఉంటుంది.

అయితే రెండు వారాలకోసారి సూది గుచ్చించుకుంటూ పోవడం కూడా నాకు ఇష్టం లేదు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో నిమ్స్‌కో తీసుకెళ్లి రెండు సంగతులు అడగండి. నీరు తీశాక ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుంటుంటే, మందుగా తయారుచేసిన టాల్క్ పొడి లోపలికి పంపి, నీరు చేరడానికి చోటు లేకుండా పొరలు రెండూ అతుక్కుపోయేలా చేస్తారు. ఒకట్రెండు రోజులు నొప్పి, జ్వరం ఉండొచ్చు, దానికి భయపడకండి. విచ్చుకోకపోతే ఆ పద్ధతి పనిచేయదు, అప్పుడు చర్మం కింది నుంచి ఒక మెత్తటి గొట్టం పెట్టి ఇంటికి పంపుతారు, నీరు చేరినప్పుడల్లా ఇంట్లోనే సీసాలోకి తీయొచ్చు, నేర్పిస్తే మీరే చేయగలరు. గొట్టం చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, జ్వరమొచ్చినా వెంటనే చూపించాలి. ఒక్కసారే మొత్తం తీసేయమని డాక్టర్‌ను తొందరపెట్టకండి, సాధారణంగా లీటరున్నర దాటనివ్వరు, గబగబా తీస్తే ఊపిరితిత్తే వాచే ప్రమాదముంది.

దాచకుండా చెప్తున్నా, నీటిలో కణాలు దొరికాయంటే జబ్బు పాకినట్టే, పూర్తిగా నయం చేయడం కష్టం. కానీ ఆయాసం తగ్గించొచ్చు. ఏ మందు పనిచేస్తుందో చెప్పే హార్మోన్, హెర్-2 పరీక్షలు తీసిన నీటితోనే మళ్లీ చేయించమని అడగండి, జబ్బు తీరు మారి ఉండొచ్చు. సరిపడే మందు దొరికితే కొందరిలో నీరు చేరడమే తగ్గుతుంది. ఇంట్లో తల వైపు ఎత్తుగా రెండు మూడు దిండ్లు పెట్టండి, ముఖానికి ఫ్యాన్ గాలి తగిలేలా చూడండి, చాలామందికి ఇది నిజంగా హాయిగా ఉంటుంది. అప్పటికీ ఆయాసం తగ్గకపోతే డాక్టర్లు కొద్ది మోతాదులో మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు ఇస్తారు, అది ఆయాసాన్నీ తగ్గిస్తుంది, వద్దనకండి. మాట పూర్తి చేయలేనంత ఆయాసమొచ్చినా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.