మందులు మొదలుపెట్టాక జ్వరం ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయనకు 43 ఏళ్లు. బాగా చిక్కిపోతుంటే పరీక్షలు చేయించాం, హెచ్‌ఐవీ అని తేలింది. సీడీ4 కణాలు 86 ఉన్నాయన్నారు. వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టి ఐదు వారాలైంది. మొదటి మూడు వారాలూ ఆకలి పుట్టి, కాస్త తేరుకున్నారు. ఆ తర్వాత రోజూ సాయంత్రానికి జ్వరం వస్తోంది. మెడకు ఎడమ పక్కన బిళ్లలు కట్టాయి. ‘ఈ మందులే నన్ను చంపేస్తున్నాయి’ అంటున్నారు. నిన్న డబ్బాలో మాత్రలు లెక్కపెడితే రెండు రోజులవి అలాగే ఉన్నాయి. మానేస్తే ఏమవుతుంది? వాటితోపాటు ఇచ్చిన పెద్ద తెల్ల మాత్ర కూడా తప్పనిసరా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ‘మాత్రలు ఆపనివ్వకండి, రేపే డాక్టరుకు చూపించండి’ అని మీకు విడిగా రాశాను. ఇదే భయంతో మందులు మానేసేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి, వివరంగా ఇక్కడ చెబుతున్నాను.

సీడీ4 అంటే రక్తంలోని రక్షణ కణాలు. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇవి దాదాపు 500 నుంచి 1500 వరకు ఉంటాయి. 200 కంటే తగ్గితే, మామూలుగా మన జోలికి రాలేని క్రిములు కూడా మీద పడతాయి. వీటినే అవకాశవాద ఇన్ఫెక్షన్లు అంటాం. వీటిలో టీబీ తీరు వేరు, అది సీడీ4 ఎంత ఉన్నా రావచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఎక్కువ ప్రాణాలు తీస్తున్నదీ అదే.

మీవారి విషయంలో నాకు మొదట వచ్చే అనుమానం కూడా టీబీయే. జ్వరం, వాపు అనేవి చాలావరకు క్రిమి మీద మన ఒళ్లు చేసే పోరాటం. 86 కణాలున్నప్పుడు ఆ పోరాడే సత్తువే లేదు. క్రిమి లోపలే ఉన్నా బయటికి పెద్దగా ఏమీ కనిపించదు. మందులతో వైరస్ అణిగి, రక్షణ కణాలు లేచి నిలబడగానే, దాక్కున్న క్రిమిని గుర్తుపట్టి ఒక్కసారిగా దాని మీద పడతాయి. అప్పుడే జ్వరం, బిళ్లలు. దీన్ని మేం ఐరిస్ అంటాం. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. మందు పనిచేయడం మొదలయ్యాకే ఇది వస్తుందని ఆయనకు చెప్పండి. అయితే ఉత్తరం చదివి ఇదేనని తేల్చలేను. బిళ్లలోంచి సూదితో నమూనా తీసి చూడాలి. ఛాతీ ఎక్స్‌రే, గళ్ల పరీక్ష కూడా చేయాలి. టీబీ అని తేలితే దానికీ మందులు మొదలుపెడతారు. ఆయన వాడే మాత్రలో డోలుటెగ్రావిర్ ఉండి, టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే, డోలుటెగ్రావిర్ సాధారణంగా రోజుకు రెండుసార్లు ఇవ్వాల్సి వస్తుంది. అందుకే డబ్బాలన్నీ వెంట తీసుకెళ్లండి. వాపు తగ్గడానికి ఎవరో చెప్పారని స్టెరాయిడ్ మాత్రలు కొనివ్వకండి.

తలనొప్పి సంగతి మీరు రాయలేదు. ఈరోజే అడగండి. సీడీ4 ఇంత తక్కువ ఉన్నవారిలో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మెదడు పొరలకు పట్టవచ్చు. రోజుల తరబడి తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మాట తడబడటం – వీటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడే ఆస్పత్రికి వెళ్లాలి. కూర్చున్నా ఆయాసం వస్తుంటే గడియారం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటితే అదీ అంతే అత్యవసరం.

ఇక ఆ తెల్ల మాత్ర. అది కోట్రైమోక్సజోల్ అయి ఉంటుంది. దాని గురించి చెప్పాలంటే ఒక అబ్బాయి గుర్తొస్తాడు. ఇలాగే జ్వరం వచ్చిందని ఏఆర్‌టీ మాత్రలూ, ఇదీ రెండూ మానేశాడు. జ్వరం రావచ్చని నేను అతనికి ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. రెండున్నర నెలలకు తిరిగొచ్చాడు. నా గది తలుపు నుంచి కుర్చీకి పది అడుగులుంటాయేమో, గోడ పట్టుకుని రెండుసార్లు ఆగాడు. పొడి దగ్గు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఊపిరి అందక ఆగిపోయేవాడు. న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ తెచ్చే న్యుమోనియా అది. 1981లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకుల్లో కనబడి, ఎయిడ్స్ గురించి ప్రపంచానికి మొదటి కబురు తెచ్చింది ఈ జబ్బే. 21 రోజుల చికిత్సతో అబ్బాయి బతికాడు. దాన్ని రాకుండా ఆపేదే ఆ తెల్ల మాత్ర. మెదడుకు పట్టే టాక్సోప్లాస్మా అనే క్రిమి నుంచి కూడా కాపాడుతుంది. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. లేదంటే డాక్టరు ఆపమనేదాకా ఆపకూడదు. ఆ అబ్బాయిని చూసినప్పటినుంచీ మొదటి డబ్బా చేతికిచ్చేటప్పుడే ‘జ్వరం వస్తే మందు మానకు, నా దగ్గరికి రా’ అని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

రెండు రోజులు మాత్రలు వేసుకోలేదన్న సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు. తిడతారేమోనని టెన్షన్ పడకండి, ఆ వివరం లేకపోతే వైద్యం తప్పుదారి పట్టవచ్చు. ఆయన ఊపిరితిత్తుల్లో టీబీ ఉందని తేలితే ఇంట్లో అందరినీ పరీక్షించాలి. ఇంకొకటమ్మా, ఉత్తరమంతా ఆయన గురించే రాశారు. మీరు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నారో లేదో రాయలేదు. ఆయనతో వెళ్లినప్పుడు మీరూ చేయించుకోండి.